నాయన ఊఁ కొట్టిన నవలలు

చదివిన నవలలన్నీ రాసిపెట్టుకున్న నోట్సు ఒకటి నా దగ్గర ఉంది. అట్ట చిరిగితే మైదాపిండి ఉడికించి నేనే కొత్త అట్ట అంటించాను. చూసినవాళ్లు నవ్వుతారు. కాలక్షేపానికి చదివేవాటికి కూడా రికార్డు ఏమిటి, ఎవరైనా పరీక్ష పెడతారా అని అడిగినవాళ్లున్నారు. వాళ్లకు నేను జవాబు చెప్పను. చెబితే మొత్తం చెప్పాలి, మొత్తం చెప్పే ఓపిక నాకు చాలా ఏళ్లు లేకపోయింది.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేసేవాడు. అంతకుముందు పన్నెండేళ్లు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాల్సిందేనని చెప్పేవాడు. పని అయిపోయాక మిల్లు బయట టీ అంగడిలో ఒకాయన రోజుకు కొంచెం చొప్పున నవల చదివి వినిపించేవాడట. నాయనకు చదువు రాదు. సంతకం నేర్చుకున్నాడు, అంతే. నవలల పిచ్చి మాత్రం ఆ టీ అంగడిలో గట్టిగా పట్టుకుంది. ఎమ్మిగనూరు వచ్చి సొంత మగ్గం పెట్టుకున్నాక ఆయనకు లేనిదల్లా ఆ చదివే మనిషే. నాకు పదకొండేళ్లు వచ్చి, తడుముకోకుండా చదవడం పట్టుబడగానే ఆ ఉద్యోగం నాకిచ్చాడు.

మాది గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని ఆయన నేస్తుంటే, గట్టు మీద, ఆయనకు ఎడమ పక్కన నేను కూర్చునేదాన్ని. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మొదలుపెడితే పొద్దు వాలేదాకా సాగేది. పోగు మోసే నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడూ, నేతను బిగించే పలక కొట్టే చప్పుడూ దాటుకుని నా గొంతు ఆయనకు చేరాలి. అందుకే నాకు చిన్నగా మాట్లాడడం రాదు. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు నేను పోట్లాడుతున్నానేమో అనుకుని బిత్తరపోయేది.

చదివేటప్పుడు వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ అనకపోతే చదివేవాళ్లు ఆపేస్తారు. ఇది మా ఇంట్లో కట్టుబాటు. అందులో నేను మరీ మొండిదాన్ని. ఒక పేజీ తిప్పేలోపల ఒక్కసారైనా ఊఁ వినపడకపోతే పుస్తకం మూసేసి, "ఇంటాండావా, కునుకు తీస్తాండావా?" అని గద్దించేదాన్ని.

"ఇంటాండానమ్మా, సదువు సదువు," అనేవాడు నాయన.

అమ్మ పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. నేత సాగాలంటే మగ్గానికి కండెలు ఎడతెగకుండా అందాలి. మా వీధిలో నా ఈడు ఆడపిల్లలందరూ బడినుంచి రాగానే రాట్నం ముందు కూలబడేవాళ్లు. నేను మాత్రం నవల పట్టుకుని గట్టు మీద మహారాణిలా కూర్చునేదాన్ని. అమ్మకు అది మంట.

"ఆ నవలలు కూడు పెడతాయా? నా రెక్కలు ఇరిగిపోతాండాయి. దానికి రెండు కండెలు సుట్టమని సెప్పగూడదా?" అనేది.

"నువ్వుండప్పా. పాప సదవకుంటే నాకు చేతులాడవు," అనేవాడు నాయన. ఆ మాట నేను నిజంగా నమ్మాను. నేను చదవకపోతే మా ఇంట్లో మగ్గం ఆడదని, మగ్గం ఆడకపోతే పొయ్యి రాజదని నమ్మాను. పన్నెండేళ్ల పిల్లకు అంతకంటే గొప్ప సంగతి ఏముంటుంది?

పదిహేను రోజులకొకసారి నూలుకీ, రంగులకీ నాయన ఆదోని పోయేవాడు. వచ్చేటప్పుడు రెండు నవలలు అద్దెకు తెచ్చేవాడు. ఆ అంగడి ఒక ముసలి సాయిబుది. ఆయన ఉర్దూ చదవగలడు, తెలుగు మాట్లాడగలడు గానీ చదవలేడు. కొత్త నవల రాగానే బొమ్మ ఉన్న అట్ట పీకేసి, దళసరి అట్ట వేసి, దబ్బనంతో కుట్టి, వీపు మీద నంబరు వేసేవాడు. ఆ కుట్టు పడేసరికి పేరున్న పేజీ కూడా ఊడిపోయేది. ఇచ్చే ఆయనకు పేరు తెలియదు, తెచ్చే ఆయనకు చదువు రాదు. నాయన మొదట్లో ఒక నవలనే నెల తిరగకుండా రెండోసారి తెచ్చాడు. నేను గయ్యిమన్నాను. ఆ రోజే ఈ నోట్సు మొదలైంది. చదివిన నంబర్లన్నీ రాసుకుని, ఆదోని పోయే రోజు చీటీ మీదికి ఎక్కించి ఇస్తే, ముసలాయన ఆ నంబర్లు కాకుండా వేరేవి ఇచ్చేవాడు.

వట్టి నంబర్లు రాస్తే నాకు తృప్తి లేకపోయింది. స్కేలుతో గీతలు కొట్టి గళ్లు చేశాను. ఒక గడిలో అంగడి నంబరు, ఒక దాంట్లో నేను పెట్టిన పేరు, ఒక దాంట్లో అప్పుడు మగ్గం మీదున్న చీర రంగు. చివర రెండు పెద్ద గళ్లు, నాయన మాట, నా మాట. నవల పూర్తి కాగానే, "ఎట్లుండాది సెప్పు, రాసుకుంటాను," అనేదాన్ని. ఆయన మగ్గం ఆపి, నుదురు తుడుచుకుని, పంచాయతీలో తీర్పు చెప్పేవాడిలా చెప్పేవాడు. ఆయన ఎలా చెబితే అలాగే రాసేదాన్ని.

ఇప్పుడు తీసి చూస్తే మొదటి పేజీల్లో గడి చాలక అంచుల్లోకి పాకి ఉంది ఆ తీర్పు. నేను 'రైలు దిగని మనిషి' అని పేరు పెట్టుకున్న నవల దగ్గర ఇలా ఉంది: "వాడు దిగాల్సింది. దిగింటే ఆ పిల్ల బతుకుతాండె. తప్పు వానిదే గానీ వాణ్ణి సూస్తే పాపమనిపిస్తాది. మిల్లులో నా పక్కన అట్లాంటోడు ఒకడు ఉండె." నా గడిలో మాత్రం, "పరవాలేదు," అని ఉంది. నాకప్పుడు అంతకంటే బుద్ధి లేదు.

ఇంకో నవలలో ఒక అత్త, కోడలిని జన్మంతా సాధించి, పోయేముందు ఆ కోడలి చెయ్యి పట్టుకుంటుంది. ఆ పేజీ చదువుతుంటే మగ్గం దానంతటదే ఆగిపోయింది. తలెత్తి చూస్తే నాయన మొహానికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఉన్నాడు. "మాయమ్మ గూడ ఇట్లనే పట్టుకునిందమ్మా, మీయమ్మ చెయ్యి," అన్నాడు. రాట్నం దగ్గర అమ్మ తల వంచుకుంది. ఆ రోజు ఇంక నేయలేదు, చదవలేదు. అది ముప్పై తొమ్మిదో నవల, మగ్గం మీద వంకాయ రంగు చీర.

అలా ఆరేడేళ్లు. నేను ఇంటర్ అయ్యాను. టీచరు ట్రైనింగుకు పరీక్ష రాస్తానంటే నాయన ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆదోనికి తనే తోడు వచ్చి, నేను పరీక్ష రాసినంతసేపూ గేటు బయట గోడ నీడన కూర్చున్నాడు. బయటికి రాగానే నా మొహం చూసి, "బాగ రాసినావా?" అని అడిగాడు. తల ఊపాను. వస్తూ వస్తూ మిరపకాయ బజ్జీలు కొనిపెట్టాడు. ఇంటర్వ్యూకు కూడా తనే తీసుకుపోయాడు. సీటు వస్తే ఆదోనిలోనే చదువు, హాస్టల్లో ఉండాలి. రెండేళ్లకు టీచరమ్మనై వస్తాను. మా వీధిలో అప్పటికి టీచరు ఉద్యోగం చేసే ఆడది లేదు.

కార్డు ఒక మధ్యాహ్నం వచ్చింది. అమ్మ నీళ్లకు పోయింది. నాయన గుంతలో ఉన్నాడు, నేను నవల తీసుకుని అప్పుడే కూర్చోబోతున్నాను. పోస్టాయన గడపలోంచి కార్డు చేతికిచ్చి పోయాడు. చదివాను. సీటు వచ్చింది, పదిహేను రోజుల్లో వచ్చి చేరమన్నారు.

అప్పుడు నాకొక చిలిపి బుద్ధి పుట్టింది. ఆ బుద్ధిని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు. మామూలుగా చెబితే ఏం బాగుంటుంది, నవల మధ్యలో పెట్టి చదివితే నాయన ఉలిక్కిపడి మగ్గం ఆపి, ఏమంటివి, ఏమంటివి అని అడుగుతాడు కదా, ఆ మొహం చూడాలి అనుకున్నాను. కార్డును పేజీలో పెట్టాను. నాలుగు వాక్యాలు నవల చదివి, గొంతు మార్చకుండా కార్డులోకి వెళ్లిపోయాను. "తమకు ఉపాధ్యాయ శిక్షణలో సీటు మంజూరు చేయడమైనది. పదిహేను దినముల లోపల హాజరై చేరవలసినది." కింద నా పేరు, నాయన పేరు కూడా చదివాను. పేజీ తిప్పాను.

"ఊఁ," అన్నాడు నాయన. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది.

వినలేదేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా మళ్లీ చదివాను. నాయన పేరు దగ్గర ఒత్తి పలికాను. పేజీ తిప్పాను.

"ఊఁ."

ఆయన కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. మొహంలో ఏమీ కదలలేదు. ఓహో, ఇదన్నమాట, అనుకున్నాను. పరీక్షకు పంపేటప్పుడు సీటు వస్తుందని అనుకోలేదు, నిజంగా వచ్చేసరికి భయం పట్టుకుంది. కూతురు పోతే మగ్గం దగ్గర చదివేదెవరు? వద్దని నోటితో అనలేక ఊఁ అంటున్నాడు. నేను మూడోసారి చదవలేదు. కార్డు తీసి రవికలో దోపుకుని, మిగతా నవల చదివాను. కళ్లలో నీళ్లు కమ్మి అక్షరాలు అలుక్కుపోతుంటే కూడా చదివాను. ఆయన ఒక్క పేజీ తప్పకుండా ఊఁ కొట్టాడు.

అమ్మ వచ్చాక కార్డు చూపించాను.

"మీ నాయనకు సెప్పినావా?"

"సెప్పినా. రెండుసార్లు సదివి వినిపించినా. ఊఁ అన్యాడు."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁనే. మగ్గం గూడ ఆపలేదు."

అమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంగొకసారి అడిగి సూడు," అంది చివరికి.

"నేనడగను. నువ్వడుగు."

"నేనేమని అడిగేది? నీకు తెల్దా, ఆ మనిషి వద్దనుకున్యాక నేనడిగితే పంపుతాడా?" అని రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. నేను పోతే కండెలు చుట్టే ఇంకో జత చేతులు లేవు. నేను కండెలు సరిగా చుట్టకపోయినా, రేపో మాపో చుడతానని ఆశ అయినా ఉండేది. అమ్మను తప్పు పట్టలేను. ఆమె భుజాల నొప్పి నాకు తెలుసు.

నాకు పౌరుషం ఎక్కువ. ఒకసారి చెప్పాను, వినీ పట్టించుకోలేదు, కాళ్లు పట్టుకోను అని భీష్మించుకు కూర్చున్నాను. ఆయనే అడగాలి. ఆ పదిహేను రోజులూ ఎదురుచూశాను. ఆయన నా వైపు చూసేవాడు, ఏదో అడగబోయి ఊరుకునేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. అన్నం సరిగా తినలేదు. పన్నెండో రోజు ఆయన నూలు పని లేకపోయినా బస్సెక్కి ఆదోని పోయి, ఎప్పటిలా రెండు కాకుండా నాలుగు నవలలు తెచ్చాడు. నా పక్కన పెట్టి, తల నిమిరి, "దిగులు పడాకమ్మా. ఇవి సదువుకో," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బతుకు పోతుంటే నవలలు చేతిలో పెడతాడా? బొమ్మ చూపించి పసిపిల్లను ఏమార్చినట్టు ఏమారుస్తున్నాడా? పుస్తకాలు తీసి విసిరేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. గడువు దాటిపోయింది. కార్డు నోట్సులో పెట్టి మూసేశాను.

తరువాత రెండేళ్లు చదివాను. మానలేదు. కానీ కక్షగా చదివాను. ఇదివరకు ముసలివాడి మాట ముసలి గొంతుతో, పసిదాని మాట పసి గొంతుతో చదివేదాన్ని. ఇప్పుడు రామాయణం పారాయణం చేసినట్టు ఒకే గొంతుతో ఏకధాటిగా చదివి పడేసేదాన్ని. ఆయన ఏమీ అనలేదు. ఊఁ కొట్టేవాడు. చివర అడిగితే, "బాగుండాది," అనేవాడు. నేను రాసేదాన్ని. ఆయనకు కూడా నా మీద మనసు విరిగిందిలే, అందుకే ముక్తసరిగా చెబుతున్నాడు అనుకున్నాను.

ఆ రెండేళ్ల చివర ఒక రోజు కొత్త అట్టతో ఒక నవల వచ్చింది. చీటీలో లేని నంబరు. నాలుగు పేజీలు చదివేసరికి ఎక్కడో తగిలింది. అత్త, కోడలు. పాత అట్ట ఊడితే ముసలాయన మళ్లీ కుట్టి కొత్త నంబరు వేసినట్టున్నాడు. అదే ముప్పై తొమ్మిదో నవల. నాయన ఇప్పుడు కనిపెడతాడు, ఇది చదివిందే కదమ్మా అంటాడు అని చూశాను. అనలేదు. ఎప్పుడంటాడో చూద్దామని పట్టుదలకు పోయి చదువుతూనే ఉన్నాను. మూడో రోజుకు అత్త చనిపోయే పేజీ వచ్చింది. ఈసారి పాత గొంతుతో, నిదానంగా చదివాను. అత్త కోడలి చెయ్యి పట్టుకుంది. నేను పేజీ తిప్పాను.

"ఊఁ," అన్నాడు నాయన. మగ్గం ఆగలేదు.

రాట్నం దగ్గర అమ్మ చెయ్యి మాత్రం ఆగింది. ఆమెకు గుర్తుంది.

నేను తరువాతి పేజీ పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలించి, పేజీ తిప్పాను. ఊఁ అన్నాడు. ఇంకో పేజీకి పెదాలు కూడా కదపలేదు. ఊరికే కూర్చుని, కాస్త ఆగి తిప్పాను. ఊఁ అన్నాడు. ఆ తరువాత పేజీ తిప్పకుండా అలాగే కూర్చున్నాను. చాలాసేపు ఊఁ రాలేదు. చివరికి తల తిప్పి చూసి, "ఏమ్మా, ఆపేస్తివి?" అన్నాడు.

ఆయన ఊఁ కొడుతున్నది నా గొంతుకు కాదు. కంటి చివర కనపడే కాగితానికి.

పోగు తెగి ఆయన మగ్గం ఆపి ముడి వేసుకుంటుంటే, లేచి వెనక్కి పోయాను. ఏ చప్పుడూ లేదు. "నాయనా," అన్నాను. తిరగలేదు. గట్టిగా, "నాయనా," అన్నాను. పక్కింట్లోంచి ఎవరో పలికారు. నాయన ముడి వేసుకుంటూనే ఉన్నాడు.

"కొంచెం మందమని తెల్సు," అంది అమ్మ. ఆమె మొహం పాలిపోయింది. "మిల్లులో పనిచేసినోళ్లందరికీ ఉండేదే అనుకుంటి. నువ్వు సదివేది ఇనపడతాందనే అనుకుంటి. ఊఁ అంటాండె గదా."

మగ్గాల ఇళ్లలో అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం. ఎదురుగా నిలబడి అరిస్తే ఆయన నోరు చూసి సగం పట్టుకునేవాడు, సగం ఊహించుకునేవాడు. మిగతాదానికి నవ్వేవాడు. పరధ్యానం మనిషి అని మేమే పేరు పెట్టి ఊరుకున్నాం.

నేను వెంటనే నోట్సు తీశాను. నాయన మాట అనే గడిని వరసగా కిందికి చూసుకుంటూ పోయాను. మొదట ఐదు వరసలు, ఆరు వరసలు. తరువాత మూడు. తరువాత ఒకటి. ఆ తరువాత అంతా "బాగుండాది," "బాగుండాది," "మంచి నవలమ్మా." నా చేత్తో నేనే రాశాను, ఒక్కసారీ పైకి కిందికి చూసుకోలేదు. మొదటి "బాగుండాది" దగ్గరనుంచి నా కార్డు పెట్టిన పేజీదాకా లెక్కపెట్టాను. ఇరవై ఆరు నవలలు. అంటే కార్డు రావడానికి ఆరు నెలల ముందే ఆయన చెవులు పోయాయి.

కార్డు నేను గోడకు చదివి వినిపించాను. గోడ వద్దందని అలిగి కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎదురుగా నిలబడి, చెవులు చూపించి, "ఎందుకు సెప్పలేదు?" అని అరిచాను. చెవుడని ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేం పోయింది? ఆయన దొంగతనం బయటపడినవాడిలా గుంతలోకి చూశాడు. తరువాత అమ్మ వైపు చూసి, నాకు చెప్పాడు.

"ఇనపడదంటే నువ్వు సదివేది నిలిపేస్తావు. నిలిపేస్తే మీయమ్మ నిన్ను రాట్నం ముందర కూసోబెడతాది. సదువుతాన్నెంతసేపూ నీ మొగం ఎంత బాగుంటాదో నీకు తెల్దమ్మా. నాకు ఇనపడకుంటే ఏమి, సూస్తాంటి గదా."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయనకు కావాలని నేను ఉండిపోయాను. నాకు కావాలని ఆయన ఊఁ కొట్టాడు. ఎవరి మీద పడి పోట్లాడాలి? కార్డు సంగతి చెబుదామని నోట్సు తెరిచాను. ఆయన చదవలేడు, నేను చెబితే వినలేడు. సైగలు చేసి చెప్పవచ్చు. సీటు అప్పుడే వచ్చింది, నీ పక్కనే కూర్చుని చదివాను, నువ్వు ఊఁ అన్నావు అని చేతులు తిప్పి చూపించవచ్చు. ఎలా చూపించాలో కూడా మనసులో అనుకున్నాను. ఆయన మొహం చూసి నోట్సు మూసేశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, వద్దని తల అడ్డంగా ఊపింది.

మరుసటి వారం ఆయనను ఆదోనికి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు ఒక ఇనుప కడ్డీ మోగించి చెవి దగ్గర పెట్టాడు, పుర్రె మీద పెట్టాడు. నాయన మర్యాదగా నవ్వుతూ కూర్చున్నాడు. మిల్లులో పన్నెండేళ్లు, ఆ పైన మగ్గం, నరాలు పోయాయన్నాడు డాక్టరు. మందు లేదు, మిషను పెట్టినా పెద్దగా లాభముండదు, ఐదారేళ్ల ముందు తెచ్చినా ఇంతే అన్నాడు. ఆ చివరి మాట నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. రెండేళ్ల ముందు నాకు తెలిసి ఉంటే చాలు, చెవులు బాగుపడకపోయినా సరిపోయేది.

బస్సుకు ఇంకా టైముంది. నాయన నా భుజం తట్టి, నవలల అంగడి సందులోకి దారి తీశాడు. నేను ఆ అంగడికి పోవడం అదే మొదటిసారి. ముసలి సాయిబు పీట మీద కూర్చుని ఒక పాత పుస్తకం కుట్టుకుంటున్నాడు. నాయనను చూసి, "రాప్పా, రా," అన్నాడు.

చెవుడున్నవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో వాళ్లకు తెలియదు. నాయన నన్ను ముందుకు జరిపి, సందంతా వినపడేలా, "ఈ పాపే సాయిబూ. మా పాప. నీ నవలలన్నీ సదివేది ఈ పాపే," అన్నాడు.

ముసలాయన కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూశాడు. "టీచరు పరీక్ష రాసింది ఈ బేటీనేనా?" అన్నాడు నాతో. "రెండేండ్ల కిందట మీ నాయన వచ్చి ఈడనే కూసోని ఏడ్సినాడమ్మా. మా పాపకు సీటు రాల్యా, అన్నం తింటా లేదు, నగు వచ్చే నవలలు ఏరి ఇయ్యి అన్యాడు. నాకేం తెల్సు ఏది నగు వచ్చేదో. నాలుగు ఇచ్చి పంపితి."

నేను గూట్లో పుస్తకాల వైపు తిరిగాను. వీపుల మీద నంబర్లు తప్ప ఏమీ కనిపించలేదు.

మేమేం మాట్లాడుకుంటున్నామో నాయన ఊహించుకున్నట్టున్నాడు. "సీటు వచ్చింటే ఈ ఊర్లోనే ఉంటాండె సాయిబూ," అన్నాడు. "నేను వారం వారం బస్సెక్కి వచ్చి సూసిపోతాంటి. హాస్టలు గేటు కాడ కూసునే తావు గూడ సూసి పెట్టుకుంటి, ఆ పరీక్ష పొద్దే. యాప చెట్టు కింద బండ ఉండాది. ఏం సేస్తాం. కార్డే రాకపాయె."

ముసలాయన జాలిగా నన్ను చూసి, "రాలేదా బేటీ?" అన్నాడు.

నాయన కూడా నా నోటి వైపే చూస్తున్నాడు. నా మాట పట్టుకోవాలని ఆయన కళ్లు నా పెదాల మీద నిలిచి ఉన్నాయి.

"రాలేదు," అన్నాను, ఆయనకు తెలిసేలా, పెదాలు బాగా విడదీసి.

నాయనకు అర్థమైంది. అవునని తల ఊపి, నా వీపు మీద చెయ్యి వేశాడు.